మేడ మీది కాలేజీ, నాన్న సాక్ష్యం

ఆ శనివారం పొద్దున తలుపు తట్టిన మనిషిని చూసి ముందు చర్చి తాలూకు మనిషి అనుకున్నాను. నల్ల కోటు, చంకలో గోధుమరంగు కవరు, మొహాన ఒక మర్యాద నవ్వు. "నో, థాంక్యూ" అని తలుపు వేయబోతుంటే, మా నాన్న పేరు ఇంటిపేరుతో సహా ముక్కలు ముక్కలుగా కూడబలుక్కుని చదివాడు. నాన్న నా వెనకే ఉన్నారు. లుంగీ, స్వెట్టరు, చేతిలో కాఫీ గ్లాసు. కాలేజీ వార్షికోత్సవంలో వేదిక మీదికి పిలిచినంత హుందాగా "యెస్, దట్ ఈజ్ మీ" అంటూ ముందుకొచ్చారు.

వచ్చినాయన వర్జీనియా రాష్ట్ర ప్రభుత్వ లాయర్ల ఆఫీసు నుంచి. ఒక కాలేజీ మీద రాష్ట్రం కోర్టులో కేసు వేసిందట. ఆ కాలేజీ ఎక్కడో దక్షిణాన వేరే రాష్ట్రంలో రిజిస్టరైన కార్పొరేషన్. వర్జీనియా అనుమతి తీసుకోకుండా ఇక్కడ షాంటిలీలో వ్యాపారం నడుపుతోంది, వెంటనే ఆపించండి అన్నది కేసు. ఆయన కవరులోంచి ఒక ఫోటో కాపీ తీసి నాన్నకి చూపించాడు. నలుపు తెలుపులో, కాస్త మసకగా, పట్టుపంచె కట్టుకుని మా నాన్న దీపం వెలిగిస్తున్నారు.

"ఇది మీరేనా?"

"నేనే," అన్నారు నాన్న సంతోషంగా. ఫోటో బాగా వచ్చిందనుకున్నారు పాపం.

 నాన్న ఆరు నెలల కోసం వచ్చిన విజిటర్. ఫిబ్రవరి మొదట్లో తిరుగు ప్రయాణం. కేసు విచారణకి వచ్చేసరికి ఆయన ఇక్కడ ఉండరు కాబట్టి ముందే తమ ఆఫీసులో ప్రమాణం చేయించి సాక్ష్యం రికార్డు చేసుకుంటామని ఆయన చెప్పాడు. మీ అంతట మీరు వస్తే మంచిది, లేకపోతే కోర్టు నుంచి ఆర్డరు తెచ్చుకోవాల్సి వస్తుంది అని కూడా అన్నాడు, అదే నవ్వుతో. ఫోను నంబరున్న కార్డు ఇచ్చి, మంచు కట్టిన మెట్ల మీద జాగ్రత్తగా దిగి వెళ్ళిపోయాడు.

తలుపు వేసి వెనక్కి తిరిగితే, బేస్‌మెంట్ మెట్ల మీద మా అమ్మాయి నిలబడి ఉంది. మా అమ్మాయి అంటే నా కడుపున పుట్టింది కాదు. హనుమకొండ నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చి, కింద గదిలో అద్దెకి దిగి, నెల తిరక్కుండానే మా పోపుల డబ్బా మీద నాకంటే ఎక్కువ హక్కు సంపాదించిన పిల్ల. నన్ను అక్కా అంటుంది, నాన్నని తాతగారూ అంటుంది. తను చదివేది ఆ కాలేజీలోనే.

ఆ కాలేజీ గురించి చెప్పాలి. హెడ్డాఫీసు ఉన్న రాష్ట్రంలో దానికి అనుమతి ఉంది. పిల్లలకి వీసా కాగితాలు అక్కడి అడ్రసుతోనే వచ్చేవి. "క్లాసులు మన వర్జీనియా సెంటర్లో, సరాసరి దాని దగ్గరి డల్లెస్ ఎయిర్‌పోర్టులో దిగండి" అని ఈమెయిల్ వచ్చేది. దిగేవారు. ఒక రాష్ట్రం ఇచ్చిన అనుమతి పక్క రాష్ట్రంలో చెల్లదని హనుమకొండలో ఉన్న పిల్లకి ఎలా తెలుస్తుంది? ఏళ్ళ తరబడి ఇక్కడే ఉంటూ, రోజూ ఆష్‌బర్న్‌కి డ్రైవ్ చేసి డేటా సెంటర్లో ఉద్యోగం వెలగబెడుతున్న నాకే తెలియదు. కాలేజీ అన్నాక కాలేజీయే కదా అనుకున్నాను.

మొదట్లో ఏవో హోటల్ మీటింగ్ రూముల్లో క్లాసులు నడిచేవి. నాన్న వచ్చిన కొత్తల్లోనే వాళ్ళకి సొంత చోటు దొరికింది. మేము సరుకులు కొనుక్కునే ఇండియన్ స్టోరు మేడ మీద మూడు గదులు, ఒక సన్నటి వరండా. కాలేజీ డైరెక్టర్ మన తెలుగాయనే, మాటకారి. మా ఇంట్లో రిటైరైన ప్రిన్సిపాల్ ఉన్నారని అమ్మాయి ద్వారా విని, స్వయంగా వచ్చి, "మాస్టారూ, మీలాంటి పెద్దల చేత్తో జ్యోతి వెలిగిస్తే పిల్లలకి శుభం" అన్నాడు. ఇంక మా నాన్నని ఆపడం ఎవరి తరం? సూట్‌కేసు అడుగునుంచి పట్టుపంచె బయటికి వచ్చింది.

ముహూర్తం మాత్రం గట్టిగా చూశారు. వర్జ్యం, దుర్ముహూర్తం అన్నీ తప్పించి, శ్రావణ మాసం దాటిపోకుండా పెట్టారు. గుమ్మానికి పసుపు రాశారు, తోరణం కట్టారు. కార్పెట్ పాడవకుండా కొబ్బరికాయని ప్లాస్టిక్ సంచీలో పెట్టి కొట్టారు. దీపం పొగకి అలారం మోగి ఫైరింజన్ వస్తుందేమోనని, ఇద్దరు కుర్రాళ్ళు కుర్చీలెక్కి ఖాళీ పిజ్జా పెట్టెలతో విసురుతూనే ఉన్నారు. నాన్న దీపం వెలిగించి, విద్య గురించి అరగంట ప్రసంగించారు. ఫోటోలు మా తెలుగు సంఘం పత్రికలో రంగుల్లో వచ్చాయి. "వర్జీనియాలో నూతన క్యాంపస్ ఘన ప్రారంభం, ఇకపై తరగతులు ఇక్కడే" అని పెద్దక్షరాలతో. ఇన్ని చూసుకున్నవాళ్ళు రాష్ట్రానికి ఒక అప్లికేషన్ పడేయడం మాత్రం మర్చిపోయారు. దొంగచాటుగా నడిపే వ్యాపారానికి తోరణం కట్టి, పెద్దమనిషిని పిలిచి, ఫోటో తీయించి పత్రికకిచ్చేది ప్రపంచంలో మనవాళ్ళు ఒక్కరేనేమో. లాయర్లు పెద్దగా వెతుక్కోనవసరం లేకపోయింది.

ఆ తర్వాత శని, ఆదివారాలు మాకొక అలవాటు పడింది. క్లాసులు వారాంతాల్లోనే. అమ్మాయిని దింపడానికి నేను వెళ్తే నాన్న కూడా కారెక్కేవారు. తను మేడ మీదికి, నేను కింద కూరగాయల దగ్గరికి. నాన్న నాతో స్టోరులోకి రావాలి, కానీ రారు. బెండకాయలు ఏరడం ఆయనకి అవమానం. మెల్లిగా మేడెక్కి, చేతులు వెనక కట్టుకుని, ఆ వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిచేవారు. ప్రతి గది తలుపుకీ ఉన్న అద్దంలోంచి లోపలికి చూసేవారు. ఆయన భాషలో దీన్ని రౌండ్స్ అంటారు. నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో. "నాన్నా, మీకు అక్కడ జీతమిస్తున్నారా? ఆ పిల్లలు భయపడతారు, కిందికి రండి." ఆయన వినిపించుకునేవారు కాదు. చెవుడు కొంత, మొండితనం కొంత.

అందుకే ఆ కోటాయన వెళ్ళిపోయాక నాన్న ఎందుకంత తేలిగ్గా ఉన్నారో నాకు అర్థమైంది. అడిగితే చెప్తాను, అందులో ఏముంది అన్నట్టు కాఫీ తాగుతున్నారు. అమ్మాయి మాత్రం మెట్ల మీదే కూలబడిపోయింది.

"తాతగారూ, మీరు పోయి చెప్తే కాలేజ్ బంద్ చేస్తరు. నాది ఇదే లాస్ట్ సెమిస్టర్. మే నెల దాంక ఆగితే నా డిగ్రీ అయిపోతది, జాబ్ చేస్కోనీకి పర్మిషన్ వస్తది. ఇప్పుడే బందైతే నా వీసా స్టేటస్ పోతది. ఇంటికి పొమ్మంటరు."

"నేను చెప్పకపోతే ఆగుతుందా?"

"మీరు లేకుంటే వాళ్ళకు టైమ్ పడ్తది గదా. ఇంకొకర్ని వెతుక్కోవాలె." రెయిలింగ్ పట్టుకుని లేచింది. "జర ముందే వెళ్ళిపోండ్రి తాతగారూ. మీ కాళ్ళు పట్టుకుంట."

నాన్న నావైపు చూశారు. నాకు రెండో ఆలోచన లేదు. వర్జీనియా రాష్ట్రం నాకేమవుతుంది? ఈ పిల్ల జ్వరమొస్తే నా పక్కలో పడుకున్న పిల్ల. "టికెట్ ప్రీపోన్ చేద్దాం నాన్నా. ఆర్డర్ ఏదీ రాలేదుగా ఇంకా," అన్నాను. ఆయన గ్లాసు సింకులో పెట్టి, "మీ ఇష్టం" అన్నారు. మా ఇంట్లో ఆ మాటకి అర్థం ఇష్టం లేదనే. అయినా ట్రావెల్ ఏజెంట్‌కి ఫోన్ చేశాను. పై ఆదివారానికి సీటు దొరికింది.

ఆ వారమంతా ఇంట్లో బిక్కుబిక్కుమంటూ గడిచింది. మా ఆయన ప్రాజెక్టు పని మీద వేరే ఊళ్ళో ఉన్నారు, ఫోన్‌లో "జాగ్రత్త, జాగ్రత్త" అనడం తప్ప ఏమీ చేయలేరు. డోర్‌బెల్ మోగితే చాలు నేనూ అమ్మాయీ ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్ళం. కోర్టు ఆర్డరు ఆదివారం లోపల వస్తే అంతే సంగతులు. నాన్న తన సూట్‌కేసు తనే సర్దుకున్నారు. ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత హాజరు పలికించిన మనిషిని పిలుపు వచ్చేలోపు పారిపొమ్మన్నామని నాకూ తెలుసు. తెలిసి కూడా అదే సరైనదనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం డైరెక్టర్ వచ్చాడు. చేతిలో స్వీట్ల పెట్టె, ద్రాక్షపళ్ళు. షూస్ విప్పి బుద్ధిగా పక్కకి పెట్టి, నాన్న కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"మాస్టారూ, వెళ్ళేలోపు చిన్న ఫేవర్. మా లాయర్ ఒక స్టేట్‌మెంట్ డ్రాఫ్ట్ చేశారండి. మీరు దీపం వెలిగించింది జస్ట్ ఇన్ఫర్మేషన్ సెంటర్‌కి అనీ, ఇక్కడ క్లాసులేవీ జరగట్లేదనీ. ఒక్క సైన్ చేస్తే చాలు."

"జరగట్లేదా?" అన్నారు నాన్న.

"అంటే రికార్డ్ ప్రకారం మాస్టారూ. క్లాసులన్నీ హెడ్డాఫీస్ దగ్గరే జరుగుతున్నట్టు లెక్క. మా డిఫెన్స్ అదేనండి. ఈ స్టేట్‌లో మనం బిజినెస్సే చేయట్లేదంటే ఈ స్టేట్ పర్మిషన్ ఎందుకు?"

నిజం చెప్పొద్దూ, ఆ తెలివికి నేను ఒక్క క్షణం ముచ్చటపడ్డాను. హమ్మయ్య, కాలేజీ నిలబడుతుంది అనుకున్నాను. నాన్న మాత్రం కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. పిల్లాడు తప్పు లెక్క చెప్పినప్పుడు చేసే పని అది.

"మరి మా ఇంట్లో ఉన్న పిల్ల? శని, ఆదివారాలు ఎక్కడికి వెళ్ళొస్తోంది?"

"స్టూడెంట్స్ అందరూ అక్కడే ఉన్నట్టు మాస్టారూ. పేపర్ మీద."

"పేపరు మీద అక్కడ, మనిషి ఇక్కడ. అక్కడ క్లాసుకి వెళ్ళినట్టు ఆ పిల్ల ఏం చూపిస్తుంది?"

"అది వాళ్ళ ఇమ్మిగ్రేషన్ ఇష్యూ అండి. మన కేసు వేరు, అది వేరు."

ఆ మాట ఆయన నోటినుంచి వచ్చేసరికి అమ్మాయి ఉతికిన బట్టల బుట్ట పట్టుకుని బేస్‌మెంట్ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి వింటోందో తెలియదు. బుట్ట కింద పెట్టలేదు.

"సార్, నేను క్లాస్‌కు రానట్టేనా?"

డైరెక్టర్ కంగారుగా నవ్వాడు. "అలా కాదమ్మా, టెక్నికల్‌గా..."

"టెక్నికల్‌గ నేను ఏడున్న సార్ ఇన్ని రోజులు?"

 అప్పటికి గాని నా మట్టి బుర్రకి వెలగలేదు. స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్ల క్లాసుల్లో కూర్చోకపోతే నేరం. ఇక్కడ క్లాసులే లేవని కోర్టు నమ్మితే, ఈ పిల్ల ఇన్నాళ్ళూ వర్జీనియాలో ఊరికే తిరిగినట్టు. కాలేజీ మూతబడితే ఇంకో కాలేజీ వెతుక్కోవచ్చు. కాలేజీ ఈ అబద్ధంతో గెలిస్తే వెతుక్కోవడానికి కూడా ఏమీ మిగలదు. మేము ఏ మనిషిని విమానమెక్కించి పంపేయబోతున్నామో, ఈ పిల్ల నిజంగా చదివిందని చెప్పగలిగిన మనిషి ఆయనే. క్లాసులు చెప్పిన పార్ట్‌టైమ్ మాస్టార్లు కేసు మాట వినగానే ఫోన్లు ఎత్తడం మానేశారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. స్వీట్ల పెట్టె తీసి ఆయన చేతిలో పెట్టాను. "మీరు బయల్దేరండి" అన్నాను. ఇంటికొచ్చిన మనిషిని అలా పంపించడం నా జీవితంలో అదే మొదలు, మళ్ళీ ఎప్పుడూ చేయలేదు. ద్రాక్షపళ్ళు మర్చిపోయి వెళ్ళాడు.

అమ్మాయి నేలమీద కూర్చుని, ఉతికిన బట్టల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. నాన్న వంగలేక వంగి తల మీద చెయ్యి వేశారు. "నేను చూశానమ్మా నిన్ను. ముందు వరస, కిటికీ పక్కన. లేదంటే ఎలా ఒప్పుకుంటాను?"

మర్నాడు పొద్దున్నే ఆ కార్డు మీది నంబరుకి నేనే ఫోన్ చేసి, బుధవారం తీసుకొస్తానని చెప్పాను. టికెట్ మళ్ళీ మార్చమంటే ట్రావెల్ ఏజెంట్ నన్ను తిట్టలేక తన అదృష్టాన్ని తిట్టుకున్నాడు.

సాక్ష్యం కోర్టులో కాదు, ఒక ఆఫీసు మీటింగ్ రూములో. పొడుగాటి బల్ల, నీళ్ళ సీసాలు. ఒక వైపు రాష్ట్రం తరఫు లాయరమ్మ, ఎదురుగా కాలేజీ తరఫు లాయరు, మధ్యలో ప్రతి మాటా టైప్ చేసే ఆవిడ. నాన్నకి చెవుడని చెప్పి నేను పక్కన కూర్చోవడానికి ఇద్దరినీ ఒప్పించాను. నోరు విప్పకూడదన్న షరతు మీద. నాకు అంతకంటే కఠినమైన శిక్ష లేదు. అమ్మాయి కింద కారులో కూర్చుంది, పైకి రాలేనంది.

లాయరమ్మ సౌమ్యంగా అడిగింది. దీపం, పూజ, ప్రసంగం. నాన్న అన్నిటికీ తన ప్రిన్సిపాల్ ఇంగ్లీషులో జవాబులు చెప్పారు. తర్వాత రెండో లాయరు అందుకున్నాడు. చిన్నవాడు, చురుగ్గా ఉన్నాడు.

"మీరు చూసింది ఒక వేడుక. వేడుక కోసం కొందరిని కుర్చీల్లో కూర్చోబెట్టి ఉండొచ్చు కదా?"

"ఉండొచ్చు. ఆ రోజు గదులన్నీ నిండిపోయాయి."

"అంటే అది నిజమైన క్లాసు కాదు."

"ఆ రోజు కాదు. తర్వాత ప్రతి వారం నేను చూసినవి నిజమైన క్లాసులే."

"ప్రతి వారం మీరు అక్కడ ఏం చేస్తున్నారు? ఎవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలేదు. రౌండ్స్ చేశాను."

ఆ లాయరు కాగితాల్లోంచి తలెత్తాడు. నాన్న ఆయనకి రౌండ్స్ అంటే ఏమిటో వివరించారు, మందమతి విద్యార్థికి చెప్పినంత ఓపికగా. ప్రిన్సిపాల్ అనేవాడు గదిలో కూర్చుంటే కాలేజీ నడవదనీ, తలుపు అద్దంలోంచి చూస్తే ఎవరు రాస్తున్నారో ఎవరు నిద్రపోతున్నారో తెలుస్తుందనీ. మొదటి గదిలో హీటర్ పనిచేయక పిల్లలు కోట్లతోనే కూర్చునేవారని చెప్పారు. మూడో గదిలో మాస్టారు బోర్డు మీద రాసింది వెనకవాళ్ళకి కనపడేది కాదని చెప్పారు. మా అమ్మాయి పేరు చెప్పి, ఎక్కడ కూర్చునేదో చెప్పారు. టైప్ చేసే ఆవిడ స్పెల్లింగ్ అడిగితే అక్షరం అక్షరం పలికారు. నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ఏ నడకకైతే ఇన్నాళ్ళూ విసుక్కున్నానో, ఆ నడక వల్లే ఆ పేరు ఆ రికార్డులోకి ఎక్కింది.

"ఆ క్లాసులు నిండుగా ఉండేవా?" అడిగాడు లాయరు.

నాన్న అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. "లేదు. చాలా కుర్చీలు ఖాళీ. వచ్చేవాళ్ళు వచ్చేవారు, మిగతావాళ్ళు నాకు ఎప్పుడూ కనపడలేదు."

లాయరమ్మ ఏదో రాసుకుంది. కనపడనివాళ్ళు ఎవరో నాకు తెలుసు. పేరు ఈ కాలేజీలో ఉంచుకుని, ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు. అప్పు తీర్చుకోవడానికి కొందరు, తొందర కొద్దీ కొందరు. బయటికి వచ్చాక వరండాలో ఆవిడ నాతో మెల్లిగా చెప్పింది. కోర్టు కాలేజీని ఆపేస్తే పిల్లలు వేరే చోట చేరాల్సి వస్తుంది, క్లాసుకి వెళ్ళినట్టు చూసినవాళ్ళెవరైనా రాసిస్తే అక్కడ పనికొస్తుంది అని.

ఆపేశారు. విచారణ తేలేదాకా తలుపులు తెరవకూడదని జడ్జి ఆర్డరిచ్చిన కబురు ఆ పై వారమే తెలిసింది. మేడ మెట్ల దగ్గర గొలుసు వేశారు. కింద స్టోరులో ఎప్పటిలాగే బెండకాయలు ఏరుకుంటున్నారు జనం.

నాన్న సాక్ష్యం సంగతి పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో పాకిపోయింది. ఇంక మొదలైంది మా ఇంటికి పిల్లల రాక. గుమ్మం దగ్గర మంచు కరిగి కారుతున్న బూట్లు, లోపల డైనింగ్ టేబుల్ చుట్టూ పిల్లలు, మధ్యలో నాన్న. "తాతగారూ, నన్ను చూశారు కదా? రెండో రూము, వెనక." "సార్, నేను గళ్ళ స్వెటర్ వేసుకొచ్చేవాణ్ణి." నాన్న ఒక్కొక్కరి మొహం తేరిపార చూసేవారు. పక్కన ఎవరు కూర్చునేవారు, ఏ మాస్టారు ఏం చెప్పేవారు అని అడిగేవారు. "నువ్వు ఎప్పుడూ ఫోన్ చూసుకునేవాడివి కదూ" అని ఒకణ్ణి పట్టేశారు. వాడు సిగ్గుపడుతూనే బతికిపోయానన్నట్టు ఊపిరి పీల్చుకున్నాడు. అలాంటివాళ్ళకి తన గుండ్రటి చేతిరాతతో, చూశాను అని రాసిచ్చారు. గుర్తురానివాళ్ళకి రాయలేదు. వాళ్ళు మారు మాట్లాడకుండా లేచి బూట్లు వేసుకుంటుంటే నేను వంటింట్లోకి వెళ్ళి నిలబడేదాన్ని. చూడలేకపోయేదాన్ని.

నాన్న ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం ఇంకో అమ్మాయి వచ్చింది. మా అమ్మాయికి చిన్నప్పటినుంచీ స్నేహితురాలు, హనుమకొండలో ఒకే వీధి, ఇద్దరూ ఒకే విమానంలో దిగారు. ఆ పిల్ల క్లాసుల్లో చేరకుండానే ఎవరో కన్సల్టెన్సీ వాళ్ళు ఉద్యోగమని ఎక్కడో ఉత్తరాన నోవై అనే ఊరికి తీసుకెళ్ళారు. అక్కడినుంచి మంచులో ఒక్కతే డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. నేను వేడి అన్నం, చారు పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది.

"నువ్వెప్పుడైనా క్లాసుకి వచ్చావా అమ్మా?" నాన్న అడిగారు.

"లేదు తాతగారూ," అంది. కనీసం అబద్ధమైనా ఆడలేదు ఆ పిల్ల.

"మరి నన్నేం రాయమంటావు?"

ఆ పిల్ల తల దించుకుంది. మా అమ్మాయి అందుకుంది. "నాకు రాసిన్రు గదా తాతగారూ. గట్లనే దానికి గూడ ఒక్క లైన్ రాయుండ్రి. ఎవరికి తెలుస్తది? దానికి నాయిన లేడు. ఇంటికి పోతే ఏం మొఖం చూపెట్టాలె అది?"

నాన్న చేతిలో పెన్ను ఉంది, ముందు తెల్ల కాగితం ఉంది. నేను మనసులో రాయండి నాన్నా, రాసేయండి అని బతిమాలుకున్నాను. పైకి కూడా అన్నాను, "నాన్నా, ఈ ఒక్కసారికి" అని.

ఆయన పెన్ను కింద పెట్టి, మా అమ్మాయి వైపు చూస్తూ అన్నారు. "నీకు రాసింది చెల్లాలంటే ఈ అమ్మాయికి రాయకూడదమ్మా. రాని పిల్లకి కూడా వచ్చిందని రాశాడు ఈ ముసలాడు అని ఒక్కచోట తేలితే, నేను రాసినవన్నీ చెత్తబుట్టలోకే. అందులో నీది ముందుంటుంది."

 నోవై పిల్లే ముందు లేచింది. "నిజమే తాతగారూ," అని, వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, జిప్పు కూడా సరిగ్గా పెట్టుకోకుండా కోటు తగిలించుకుంది. రాత్రికి ఉండమని నేనెంత బతిమాలినా వినలేదు. మా అమ్మాయి కారుదాకా వెళ్ళి వచ్చి, నాన్నతో మాట్లాడకుండా కిందికి వెళ్ళిపోయింది. మర్నాడు ఎయిర్‌పోర్టుకి వచ్చింది గాని దారంతా కిటికీలోంచి బయటికే చూసింది. 

వేసవి వచ్చేసరికి మా అమ్మాయికి వేరే యూనివర్సిటీలో సీటొచ్చింది. ఇక్కడ చదివినవి చాలావరకు మళ్ళీ చదవాలి. అయినా స్టేటస్ నిలబడింది, పిల్ల నిలబడింది. స్పీకర్ ఫోన్‌లో నాన్నకి చెప్తే ఆయన ఏమేం సబ్జెక్టులో అన్నీ చెప్పించుకున్నారు. చివర్లో అడిగారు. "ఆ రోజు మంచులో వచ్చిన పిల్ల సంగతేమిటమ్మా?"

ఆ పిల్లని ఏప్రిల్‌లోనే తిప్పి పంపించేశారు. ఇంటికి వెళ్ళి గదిలోంచి బయటికి రావట్లేదని వాళ్ళమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. మా అమ్మాయి నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"బాగనే ఉంది తాతగారూ," అంది మా అమ్మాయి. "అది గూడ ఏదో కాలేజ్‌ల చేరింది."

అటువైపు కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. 

"మంచిదమ్మా," అన్నారు నాన్న. "ఆ రోజు నుంచీ నాకు సరిగ్గా నిద్ర లేదు. ఇవాళ పడుకుంటాను."